అచ్చుతప్పు కాదు

మట్టెవాడ సందుల మా ప్రెస్సుకు
దీపాలు పెట్టే యాళ్లకు గుమాస్తా వచ్చిండు.
ఎల్లుండి నాగభూషణం సేటుకు అరవై నిండుతయట.
ఎనుమాముల తొవ్వల, కోల్డ్ స్టోరేజీ ముందర
మూడువందల చెద్దర్ల పంపకం.
పది అడుగుల ఫ్లెక్సీ,
బంగారు అంచు సన్మానపత్రం,
"నడుమ ఒక పద్యం పెట్టు సారూ,
నువ్వు రాస్తవు గద, దానికి పైసలు వేరే."

రాస్తను.
పెండ్లిపత్రికలల్ల రాసిన,
పెద్దకర్మ కార్డులల్ల రాసిన,
ఎన్నడూ చూడని ముసలామెను పట్టుకొని
"మా ఇంటి దీపమా" అని ఏడ్చిన.
సేటును పొగుడుడు ఎంత పని?

రాత్రి కూసున్న.
కర్ణుడు అని రాసి, కొట్టేసిన.
కర్ణుడు కవచం కోసిచ్చిండు, నెత్తురు కారింది.
ఈ చెద్దరుకు ఎక్కడ కారింది?

ఎక్కడో నాకు తెలుసు.
మా చిన్నమ్మ ఓదెమ్మ ఆ షెడ్డులనే
మిర్చి తొడిమెలు తీస్తది.
కిలోకు ఇంత అని లెక్క,
జోకేటప్పుడు బస్తాకు రెండు కిలోల తరుగు.
ఎందుకని అడిగితే
"దుమ్ము" అంటడు కాంటా కాడి పిలగాడు.
ఇంటికొచ్చి చేతులు సల్లల ముంచుకుంటది,
మంట దిగదు.
మనుమడిని చేతులతోటి ఎత్తుకోదు,
పసికూన కండ్లల్ల పడుతదని
మోచేతుల నడుమ అదుముకుంటది.

ఆ దుమ్ము ఏండ్లకేండ్లు కుప్పపోస్తే
మూడువందల చెద్దర్లు కావా?
నాకు లెక్కలు రావు. పద్యాలే వస్తయి,
ఆ రాత్రి అవి కూడ రాలె.

తెల్లారి గుమాస్తా నేను రాసింది చూసి
"గట్టిగ లేదు సారూ" అన్నడు.
సేటే ఒక లైను చెప్పిండట,
చీటీ మీద రాసుకొచ్చిండు:
"ఓరుగల్లు బీదసాదలకు చెయ్యిచ్చిన మహాదాత."

చీటీ పట్టుకొని సానాసేపు నిలబడ్డ.
"చెయ్యందించిన" అని దిద్దాలె.
ముప్పై ఏండ్లు ప్రూఫులు చూసిన వేలు
ఎర్రపెన్ను దాకా పోయింది.
ఒత్తులు దిద్దిన, దీర్ఘాలు దిద్దిన,
ఎవరి అబద్ధంల కూడ
ఒక్క అక్షరం తప్పు పోకుండ కాపలా కాసిన.
పెన్నుకు మూత పెట్టిన.

పుష్యమాసం, పొద్దుగూకినంక.
యాంకరు పిల్ల సాగదీసి సాగదీసి చదివింది:
"బీదసాదలకూ... చెయ్యిచ్చినా..."

జరసేపు ఏం లేదు.
జనరేటరు మోత.
తర్వాత ఆడోళ్ల వరుసల
ఎవరో తుమ్మినట్టు ఒక నవ్వు.
సంతకం రాని మా ఓదెమ్మది.
పక్కామెకు అంటుకుంది,
మిర్చి కోరు లెక్క,
కొంగులు నోట్లె కుక్కుకున్నా ఆగలె,
హమాలీల దాకా పోయింది,
కాంటా కాడి పిలగాడు మొకం తిప్పుకున్నడు.
సేటు కూడ నవ్విండు,
మెచ్చుకుంటున్నరనుకొని.

"ఇటు చూడుండ్రి" అన్నడు ఫొటో ఆయన.
చెద్దరు ఒక కొస సేటు చేతుల,
ఒక కొస ఓదెమ్మ చేతుల.
ఫ్లాషు పడేదాకా ఆయన వదలలె.
ఎవరు ఇస్తున్నరో ఎవరు గుంజుకుంటున్నరో
ఆ బొమ్మ చూసి చెప్పుండ్రి.

నాకు కూడ శాలువ కప్పిండ్రు,
కవరుల ఐదువందలు.
కాదనలె.

ఇంటికొచ్చి ఓదెమ్మ చెద్దరు ఇప్పి
బల్బుకు అడ్డం పట్టింది.
బల్బు కనబడ్డది,
బల్బు చుట్టూ తిరిగే పురుగులు కూడ.
"ఏం రాస్తివిరా కొడుకా" అని మళ్ల నవ్వింది.
"నేను రాయలె చిన్నమ్మా, ఆయనే రాసుకున్నడు."
"మరి నీకు పైసలెందుకిచ్చిండు?"

కవరు అంగీ జేబుల కరకరమన్నది.

"దుమ్ముకు" అన్న.

ఈసారి ఆమె నవ్వలె.